వార్తల్లో పదం: ఇమ్యూటబుల్ బ్యాకప్

రాన్సమ్‌వేర్ దాడుల వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ఇది. పెట్టిన గడువు తీరేదాకా మార్చడానికీ చెరిపేయడానికీ వీల్లేని డేటా కాపీ అన్నమాట. కట్టుదిట్టంగా అమరిస్తే అడ్మిన్‌కైనా ఆ వీలుండదు. రాసేటప్పుడే గడువు నమోదవుతుంది. ఆలోగా వచ్చిన డిలీట్ ఆదేశాన్ని స్టోరేజీయే తిరస్కరిస్తుంది.

ఇలాంటి కాపీ అవసరం వర్చువల్ మెషిన్ల విషయంలో బాగా తెలుస్తుంది. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటరే వర్చువల్ మెషిన్; అంటే దాన్ని నడిపే అసలు యంత్రం (హోస్ట్) డిస్కు మీద కొన్ని ఫైళ్లే. హోస్ట్ దుండగుల చేతికి చిక్కితే అన్నీ ఒకేసారి పోతాయి. 2023 ఫిబ్రవరిలో వర్చువల్ మెషిన్లను నడిపే వేలాది వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్లపై దాడి అలాగే జరిగింది. చాలామంది బ్యాకప్ అనుకునే స్నాప్‌షాట్ (మెషిన్ ఒకానొక క్షణపు స్థితి) ఉండేదీ సాధారణంగా ఆ డిస్కులోనే!

ఇంట్లో పాత పీసీనే సర్వర్‌గా వాడుకునేవారికీ ఇమ్యూటబుల్ బ్యాకప్ సదుపాయమున్న క్లౌడ్ స్టోరేజీ దొరుకుతుంది. కాకపోతే గడువు తీరేదాకా పాత కాపీలకూ అద్దె కట్టాల్సిందే. వైరస్ చొరబడ్డాక తీసిన కాపీ కూడా అంతే భద్రంగా ఉంటుంది.