పంచ్ డైలాగ్‌కి మైకు ఎంత దూరం?

1914 జనవరి. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన వెనిస్ అనే ఊళ్లో పిల్లల కార్ల పందేలు జరుగుతున్నాయి. కీస్టోన్ కంపెనీ వాళ్లు కెమెరా మోసుకెళ్లి ఆ జనం మధ్యలోనే ఓ కామెడీ తీసేశారు. కథ ఒక్క ముక్క: పందేలు తీస్తున్న కెమెరాకి ఓ టోపీవాలా అడ్డొస్తుంటాడు, గెంటేసినా మళ్లీ వచ్చి నిలబడతాడు. ఆ టోపీవాలా చార్లీ చాప్లిన్. ట్రాంప్ వేషంలో ఆయన్ని ప్రేక్షకులు మొదటిసారి చూసింది ఈ 'కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్'లోనే. నిడివి ఆరేడు నిమిషాలు. షూటింగ్ 45 నిమిషాల్లో అయిపోయిందంటారు. సెట్టు లేదు, జూనియర్ ఆర్టిస్టులకు బేటా లేదు.

కాలేజీ కుర్రాళ్లు రోడ్డు మీద షార్ట్ ఫిల్మ్ తీయాలనుకున్నప్పుడు ఊహించుకునేది సరిగ్గా ఇలాంటిదే. కానీ చాప్లిన్‌కి ఉన్న ఒక వెసులుబాటు మనకు లేదు. అది మూకీ. మన కామెడీ మాట మీద నడుస్తుంది. మాట వినపడకపోతే నవ్వు రాదు. అందుకే కెమెరా కంటే ముందు చప్పుడు సంగతి చూడాలి.

మామూలు గొంతుతో మాట్లాడితే మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కెమెరాకున్న మైకు నాలుగు మీటర్ల అవతల ఉంటే దానికి చేరేది 48. తల మీద అర మీటరు ఎత్తున కర్రకి కట్టిన బూమ్ మైకు పట్టుకుంటే 66. చొక్కాకి పెట్టిన కాలర్ మైకు నోటికి పావు మీటరు దూరంలో ఉంటుంది కాబట్టి 72 దాకా అందుతుంది. ఇక పక్కన రద్దీ రోడ్డు 70 డెసిబెల్స్‌తో మోగుతోందనుకోండి. ఆ మోత మూడు మైకులకూ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. కెమెరా మైకులో మాట మోతకంటే 22 డెసిబెల్స్ కింద మునిగిపోతుంది, కాలర్ మైకులో 2 డెసిబెల్స్ పైన తేలుతుంది. ఆ రెండు డెసిబెల్స్ కూడా బొటాబొటీనే. వాణిజ్య ప్రాంతాల్లో పగటిపూట నిబంధనల ప్రకారం ఉండాల్సిన పరిమితి 65, నివాస ప్రాంతాల్లో 55. మెయిన్ రోడ్డు టీకొట్టు సీన్‌ని కాలనీ లోపలి టీకొట్టుకి మారిస్తే, పరిమితుల లెక్కనే చూసినా, పైసా ఖర్చు లేకుండా 10 డెసిబెల్స్ కలిసొస్తాయి.

తర్వాత డబ్బింగ్ చెప్పుకుందాంలే అంటారు. చెప్పుకోవచ్చు. కానీ సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అయిదు ఫ్రేములంటే సెకనులో అయిదో వంతు. జోకు పేలడానికీ తుస్సుమనడానికీ మధ్య ఉండే తేడా తరచూ అంతే. రోడ్డు మీద ఎదుటివాడి ముఖం చూస్తూ అన్న మాటలోని ఆ విరామం గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక మళ్లీ దొరకదు. 2016లో 'పెళ్లిచూపులు' సినిమా సింక్ సౌండ్‌తో, అంటే మాటల్ని షూటింగ్‌లోనే రికార్డు చేసే పద్ధతిలో, వచ్చింది. ఆ సంభాషణలు పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు వినిపించడంలో ఆ పద్ధతి పాత్ర చాలా ఉందని నా అభిప్రాయం.

మైకు సంగతి తేలితే జనం సంగతి కూడా సగం తేలినట్టే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 24 ఎంఎం లెన్సు పెడితే మనిషిని కాళ్లతో సహా చూపించడానికి మూడు మీటర్ల లోపే నిలబడాలి. ఆ దూరంలో కెమెరా కనిపిస్తే దారిన పోయేవాళ్లంతా అందులోకే చూస్తారు, ఒకరిద్దరు చెయ్యి కూడా ఊపుతారు. అదే మనిషి 85 ఎంఎం లెన్సుతో పది మీటర్ల నుంచి ఫ్రేములో పడతాడు. పది మీటర్ల అవతల, ఆగి ఉన్న ఆటో చాటున కెమెరా ఉంటే ఎవరూ పట్టించుకోరు. కెమెరా దూరం, మైకు దగ్గర: రోడ్డు మీద కామెడీకి నాకు తెలిసిన మంచి కూర్పు ఇదే. ఇంకో దారి, జనాన్ని తప్పించుకోవడం మానేసి వాళ్లనే నటుల్ని చేసుకోవడం. 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'లో 80 మందికి పైగా స్థానికులే నటించారు. దానికి లెన్సు అక్కర్లేదు, నెలల తరబడి ఓపిక కావాలి.

ఎండ దగ్గర మరో లెక్క. ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/50 పెట్టుకుంటే మండే ఎండలో ఎపర్చర్ ఎఫ్/22కి పోవాలి. వెనక జనాన్ని మసకగా చూపించాలని ఎఫ్/2.8 కావాలంటే ఆరు స్టాపులు, అంటే 64 రెట్ల వెలుతురు తగ్గించాలి. దాని పేరే ఎన్‌డీ 64 ఫిల్టర్. అది లేక షట్టర్ వేగం పెంచేస్తే నడక, చేతుల కదలిక బిరుసుగా కనిపిస్తాయి.

నీడలు ఇంకా మొండివి. మార్చి 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఉదయం 8.20కి అయిదున్నర అడుగుల మనిషి నీడ సుమారు పది అడుగులు. గంట గడిస్తే ఆరడుగులు. ప్రశ్న 8.20కి, జవాబు 9.20కి తీస్తే ఎడిటింగులో నీడ గెంతుతుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లోనైతే మధ్యాహ్నం నీడ కాళ్లకిందికి పోయి, కళ్లు గుంటల్లో పడతాయి. కాబట్టి పనికొచ్చే వేళ ఉదయం 6.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 6. షాట్‌కి పావుగంట వేసుకుంటే రోజుకి 20 షాట్లు. పది నిమిషాల సినిమాకి 40 షాట్లు రాసుకుంటే రెండు రోజులు. ఒకే సీన్ షాట్లన్నీ ఒకే పూటలో పడేలా షెడ్యూల్ వేసుకోవాలి.

చట్టం గురించి. దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కామెడీలో మనవాళ్లకి ముచ్చటైన ట్రిపుల్ రైడింగ్‌కి మోటారు వాహనాల చట్టంలో వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు అనర్హత ఉన్నాయి. షూటింగ్ అంటే మినహాయింపు లేదు. రైలు పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్తే ఆరు నెలల జైలు దాకా ఉంది. ఎస్సై వేషం వేసినవాడు టేకుల మధ్య ఆ యూనిఫాంతోనే బజ్జీలకు వెళ్లి జనాన్ని దబాయిస్తే అది నటన కాదు. ప్రభుత్వోద్యోగిగా చలామణి కావడానికి కనీస శిక్షే ఆరు నెలలు. కిడ్నాప్ సీను ఉంటే కాలేజీ ఉత్తరం పట్టుకుని ముందురోజే స్టేషన్లో చెప్పి రండి. లేకపోతే చూసినవాళ్లెవరో 112కి ఫోన్ చేస్తారు, వాళ్లది తప్పూ కాదు.

డ్రోన్ షాట్ కావాలని ప్రతి బృందంలో ఒకరైనా పట్టుబడతారు. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపుదైనా వ్యాపారానికి కాకపోతే అక్కర్లేదు. అయినా డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఎర్ర రంగులో ఉంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పైగా అది ఎగిరినంతసేపూ కింద డైలాగ్ రికార్డు కాదు. పదంతస్తుల ఎత్తు నుంచి చూస్తే హాస్యనటుడి ముఖమూ కనిపించదు. డ్రోన్ అద్దెకి పక్కన పెట్టిన డబ్బుతో రెండో కాలర్ మైకు, ఒక ఎన్‌డీ ఫిల్టర్ తెచ్చుకోండి.