జిమ్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు మాస్టారూ!
కేజీఎఫ్: 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక ఇక్కడి కుర్రకారులో చాలామందికి మారికుప్పం రైలే బతుకుతెరువు. పొద్దున్నే బెంగళూరు బాట. అక్కడ జిమ్ మాస్టరు కోర్సులో చేరదలచినవారు ఫీజు, వారాలే చూడొద్దు. ప్రాక్టికల్స్ ఎన్ని గంటలో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పాలనుకుంటే మరీనూ!

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడపై కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు సరేననకుండా పిల్లిమొగ్గలు వేయిస్తే వెన్నుపాముకే ముప్పు. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు పాటల మోత భరించలేరు. చెప్పేకంటే చేసి చూపాలి, రోజూ అదే వరుసలో చేయించాలి. ఓపిక కావాలి మరి!

బడిలో ప్రత్యేక ఉపాధ్యాయుడు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. జిమ్ సర్టిఫికెట్ చూపితే ఆ కొలువు రాదు.