మాండొలినుపై మన రాగములు

పాకాల జంక్షనులో బండికై వేచియుండఁగా మా విద్యార్థు లిరువురు వాదమునకు దిగిరి. ఒకనికి కర్ణాటక సంగీతమే సంగీతము. రెండవవానికి అమెరికా నల్లజాతివారు పుట్టించిన బ్లూసు, జాజు. మేము తీర్పు చెప్పక, పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాసు మాట నెత్తితిమి.

ఆయన చేపట్టిన మాండొలిను పాశ్చాత్య వాద్యము. దానికి జంటలుగా 8 తీఁగ లుండును. మీటిన నాదము వెంటనే యణఁగును. కావున గమకమునకు, అనఁగా స్వరమును వంచి యూఁపుటకు, తగదని పలువురు తలంచిరి. ఆయన జంటలను మాని, ఒంటితీఁగలు 5 బిగించి, విద్యుచ్ఛక్తిచే నాదమును నిలిపెను. స్వరమును వంచుట బ్లూసు గిటారువారికిని ప్రాణమే సుమా!

1983లో పశ్చిమ బెర్లిను జాజు ఉత్సవమున ఆ 14 ఏండ్ల బాలుఁడు మన కచేరియే చేసెను. అప్పటికప్పుడు కల్పించి వాయించుటయే జాజునకు జీవము. మన కల్పనస్వరమును అట్టిదే. హద్దులు మాత్రము వేఱు: మనకు రాగతాళములు, వారికి పలుస్వరము లొక్కసారి మ్రోగు మేళనల వరుస. పిదప ఆయన ఆంగ్ల గిటారు విద్వాంసుఁడు జాన్ మెక్‌లాఫ్లినుతోఁ గూడ వాయించెను, 2014లో గతించెను.

వాదము తెగలేదు. బండి వచ్చులోపల వా రిరువురును తమ తమ విద్వాంసుల పేర్లు చీటీలపై వ్రాసి యిచ్చి పుచ్చుకొనిరి.