గ్యాస్ బండకు ఆ కంపు ఎందుకు?

నడికుడి చుట్టుపక్కల పత్తికట్టె, మిరపకట్టెతో పొయ్యి రాజేసిన ఇళ్లలోకి గ్యాస్ బండ వచ్చింది. బండలో ఉండేది 14.2 కిలోల గ్యాస్. అది కంటికి కనిపించదు. కారితే మాత్రం కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. నిజానికి ఆ వాసన గ్యాస్‌ది కాదు. కావాలని కలిపింది. తమాషా ఏమిటంటే, కలపడానికి ముందు అలాంటి కంపునే కష్టపడి తీసేస్తారు.

వంటగ్యాస్, పెట్రోలు, కిరసనాయిలు ముడిచమురు నుంచి వస్తాయి. ముడిచమురును కాచి వీటిని వేరుచేసే కర్మాగారమే రిఫైనరీ. మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఒకటి ఉంది. 1957లో కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీ దాన్ని నడపడం మొదలుపెట్టింది. 1978 నుంచి అది ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉంది.

ముడిచమురులో గంధకం ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఘాటుకు కూడా గంధకమే కారణం. చమురులో దానిలో కొంత మెర్కాప్టాన్లు అనే పదార్థాలుగా ఉంటుంది. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. అవి కంపు కొడతాయి. లోహాన్ని తినేస్తాయి. కాలితే వచ్చే పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. వాటి పీడ వదిలించే పనిని రిఫైనరీలో ‘తీపి చేయడం’ అంటారు. పంచదార వెయ్యరు సుమా! కంపు చమురును పుల్లనిది అనీ, మంచిదాన్ని తియ్యనిది అనీ పిలవడం పాత అలవాటు.

ఇందుకు వాడే ముఖ్యమైన మందు కాస్టిక్ సోడా. సబ్బు తయారీలో వేసేదే. గ్యాస్‌ను సోడా నీళ్లతో కడిగితే మెర్కాప్టాన్లు నీళ్లలోకి దిగిపోతాయి. ఆ నీళ్లను పారబోయరు. కోబాల్టు అనే లోహంతో చేసిన నీలిరంగు మందు కాస్త వేసి, గాలి ఊదుతారు. మెర్కాప్టాన్లు కంపు తక్కువ నూనెగా మారి విడిపోతాయి. సోడా నీళ్లు మళ్లీ పనికొస్తాయి. కిరసనాయిలులో అయితే ఆ నూనె అందులోనే ఉండిపోతుంది. అంటే కంపు పోతుంది గాని గంధకం పోదు.

గ్యాస్ శుభ్రపడిందో లేదో చూడటానికి మెరుగుపెట్టిన రాగి రేకును అందులో ఉంచుతారు. రేకు నల్లబడితే ఇంకా మురికి ఉన్నట్టే.

ఇంతా చేసి, ఆ గ్యాస్‌లో ఇథైల్ మెర్కాప్టాన్ అనే మందు కొంచెం కలుపుతారు. ఇదీ ఆ కంపు జాతిదే! చమురుతో వచ్చే కంపు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. దాన్ని నమ్ముకోలేం. కొలిచి కలిపితే ప్రతి బండకూ వాసన ఉంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు గ్యాస్ చేరితే నిప్పంటుకోవచ్చు. అందులో అయిదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తెలిసిపోవాలని ఈ ఏర్పాటు.

గ్యాస్ గాలికంటే బరువు. నేలమీద పరుచుకుంటుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలోనే కారిన గ్యాస్ అంటుకుని యాభైమందికి పైగా చనిపోయారు.

వాసన వస్తే లైటు వెయ్యొద్దు, వెలిగేది ఆపొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్యాలి. జలుబు చేసినవారికి ఈ వాసన తెలియదు. లోపలే ఉన్నవారి ముక్కు కూడా కాసేపటికి అలవాటు పడిపోతుంది. అందుకని పక్కింటామె వచ్చి “గ్యాస్ వాసనొస్తోంది వదినా” అంటే, “నాకేం రావట్లేదే” అనకుండా ముందు బండ దగ్గరకు వెళ్లి చూడాలి.