ఆర్కేడ్ ఫైట్ స్టిక్‌లు, కన్వర్టర్లలో ఇన్‌పుట్ జాప్యం: కొలత పద్ధతులు – పరిశీలన

వ్యాససంగ్రహం

పోరాట వీడియోగేమ్ ఆడే వ్యక్తి బటన్ నొక్కిన క్షణానికీ, ఆ సమాచారం కన్సోల్‌కు అందిన క్షణానికీ మధ్య గడిచే కాలాన్ని ఈ వ్యాసంలో ‘ఇన్‌పుట్ జాప్యం’గా వ్యవహరిస్తున్నాం. ఇది సాధారణంగా ఒక ఫ్రేమ్ కంటే తక్కువే కాబట్టి పట్టించుకోనక్కరలేదనే వాదన ఉంది. ఆ వాదన ఎందుకు నిలవదో చూపి, జాప్యం పుట్టే స్థానాలను, దానిని కొలిచే మూడు పద్ధతులను, కొలతలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇన్‌పుట్ జాప్యం, ఫైట్ స్టిక్, కన్వర్టర్, పోలింగ్, ఫ్రేమ్, సంభావ్యత.

1. ప్రవేశిక

1991లో క్యాప్‌కామ్ సంస్థ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను విడుదల చేసిన తరువాత ఇద్దరు తలపడే పోరాట గేమ్‌లు ఆర్కేడ్‌లలో విశేష ప్రాచుర్యం పొందాయి. ఆర్కేడ్ యంత్రంలో ఉండే లివర్‌ను, బటన్లను ఒక పెట్టెలో అమర్చి ఇంటి కన్సోల్‌కు కలిపే సాధనం ఫైట్ స్టిక్. ఒక కన్సోల్ కోసం తయారైన స్టిక్‌ను మరో కన్సోల్‌తో పనిచేయించే చిన్న పరికరం కన్వర్టర్.

ఆర్కేడ్ యంత్రంలో బటన్ తీగ నేరుగా గేమ్ బోర్డుకు చేరుతుంది. కన్సోల్ విషయంలో అలా కాదు. స్టిక్‌లోని మైక్రోకంట్రోలర్ బటన్ స్థితిని చదివి, సందేశంగా మార్చి, కన్సోల్ అడిగినప్పుడు పంపాలి. ఈ మధ్యవర్తిత్వమే జాప్యానికి మూలం. పోటీలలో ఎవరి స్టిక్ వారు తెచ్చుకుంటారు. అందువల్ల ఒకే ఆటలో తలపడే ఇద్దరి జాప్యాలు వేరుగా ఉండే అవకాశం ఉంది. గెలుపోటములు నైపుణ్యం వల్ల నిర్ణయమయ్యాయా, పరికరం వల్లనా అన్న ప్రశ్నకు సమాధానం కొలతతోనే లభిస్తుంది.

2. జాప్యం పుట్టే స్థానాలు

2.1. స్విచ్ అదురు: లోహపు స్పర్శకాలు కలిసేటప్పుడు ఒక్కసారిగా స్థిరపడవు. అతి తక్కువ కాలంలో పలుమార్లు కలిసి విడిపోతాయి. ఒక్క నొక్కును అనేక నొక్కులుగా లెక్కించకుండా మైక్రోకంట్రోలర్ ఈ అదురును వడకట్టాలి. ఇందుకు రెండు మార్గాలున్నాయి. సంకేతం 5 మిల్లీసెకన్లపాటు నిలకడగా ఉన్న తరువాతే నొక్కును గుర్తించడం మొదటిది. దీనివల్ల ప్రతి నొక్కుకూ 5 మిల్లీసెకన్ల జాప్యం చేరుతుంది. తొలి స్పర్శనే వెంటనే నమోదు చేసి, తరువాతి కొద్దికాలం మార్పులను విస్మరించడం రెండవది. ఇందులో నొక్కుకు అదనపు జాప్యం ఉండదు. అంటే ఒకే బటన్లు వాడిన రెండు స్టిక్‌లు కూడా అందులోని ప్రోగ్రామును బట్టి భిన్నంగా ప్రవర్తించగలవు.

2.2. పోలింగ్: యూఎస్‌బీ విధానంలో పరికరం తనంతట తాను సమాచారం పంపలేదు. కన్సోల్ నిర్ణీత వ్యవధులలో అడుగుతుంది, పరికరం బదులిస్తుంది. ఫుల్ స్పీడ్ పరికరాలకు ఈ వ్యవధి కనిష్ఠంగా 1 మిల్లీసెకను. సెకనుకు 125 సార్లు అడిగితే వ్యవధి 8 మిల్లీసెకన్లు. నొక్కు ఈ వ్యవధిలో ఏ క్షణంలోనైనా పడవచ్చు. కాబట్టి నిరీక్షణ 0 నుండి 8 మిల్లీసెకన్ల వరకు మారుతూ, సగటున 4 మిల్లీసెకన్లు ఉంటుంది.

2.3. కన్వర్టర్: కన్వర్టర్ ఒకవైపు స్టిక్‌ను అడుగుతుంది, మరోవైపు కన్సోల్ అడిగితే బదులిస్తుంది. ఈ రెండు చక్రాలకు పొందిక లేకపోతే రెండు నిరీక్షణలూ కలుస్తాయి. రెండువైపులా 8 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటే సగటు 8 మిల్లీసెకన్లకు, గరిష్ఠం 16 మిల్లీసెకన్లకు చేరుతుంది.

3. ఫ్రేమ్ కంటే చిన్న జాప్యానికి ఉన్న ప్రాధాన్యం

ఈ గేమ్‌లు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడుస్తాయి. ఒక ఫ్రేమ్ నిడివి 16.67 మిల్లీసెకన్లు. గేమ్ ప్రతి ఫ్రేమ్‌కు ఒకసారి బటన్ల స్థితిని చూస్తుందనుకుందాం. 4 మిల్లీసెకన్ల జాప్యం వల్ల ప్రతి నొక్కూ 4 మిల్లీసెకన్లు ఆలస్యంగా అమలు కాదు. చాలా నొక్కులు అదే ఫ్రేమ్‌లో అందుతాయి. ఫ్రేమ్ చివరి 4 మిల్లీసెకన్లలో పడినవి మాత్రం తరువాతి ఫ్రేమ్‌కు జారిపోతాయి. అలా జారే సంభావ్యత 4/16.67, అంటే 24 శాతం. 1 మిల్లీసెకను జాప్యానికి ఇది 6 శాతం. 8 మిల్లీసెకన్లకు 48 శాతం. ఆటగాడికి చిన్న జాప్యం అనుభవంలోకి వచ్చేది ఒక పూర్తి ఫ్రేమ్ నష్టంగానే. జాప్యం పరిమాణం ఆ నష్టం ఎంత తరచుగా జరుగుతుందో నిర్ణయిస్తుంది.

స్థిర జాప్యానికీ, మారే జాప్యానికీ కూడా భేదం ఉంది. స్థిర జాప్యానికి సాధన ద్వారా కొంతవరకు అలవాటు పడవచ్చు. మారే జాప్యానికి అలవాటు పడే వీలు లేదు. ‘స్ట్రీట్ ఫైటర్ 4’లో రెండవ దెబ్బను సరిగ్గా ఒకే ఒక ఫ్రేమ్‌లో నొక్కితేనే కలిసే దాడి వరుసలున్నాయి. అక్కడ ఆటగాడికి దొరికే వ్యవధి 16.67 మిల్లీసెకన్లు. జాప్యం 0 నుండి 8 మిల్లీసెకన్ల మధ్య మారుతుంటే, తప్పక ఫలించే భాగం 8.67 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది. మిగిలిన భాగంలో ఫలితం ఆటగాడి చేతిలో ఉండదు.

4. కొలత పద్ధతులు

4.1. అధికవేగ కెమెరా: బటన్‌కు ఒక ఎల్‌ఈడీని జోడించి, దీపాన్నీ తెరనూ కలిపి చిత్రీకరిస్తారు. దీపం వెలిగిన చిత్రం నుండి పాత్ర కదిలిన చిత్రం వరకు లెక్కిస్తారు. సెకనుకు 240 చిత్రాలు తీసే కెమెరా సూక్ష్మత 4.17 మిల్లీసెకన్లు మాత్రమే. పైగా ఈ సంఖ్యలో గేమ్, తెరల జాప్యాలు కూడా కలిసి ఉంటాయి. మొత్తం వ్యవస్థను అంచనా వేయడానికి ఇది తగినది. స్టిక్ వాటాను విడదీయడానికి చాలదు.

4.2. జంట పద్ధతి: ఒకే బటన్ సంకేతాన్ని రెండు కంట్రోలర్ బోర్డులకు ఏకకాలంలో అందించి, ఇద్దరు ఆటగాళ్ల స్థానాలలో వాటిని కలుపుతారు. ఒకే పాత్రను రెండువైపులా నిలిపి, ఒకే దెబ్బ కొట్టిస్తారు. రెండు సంకేతాలూ ఒకే ఫ్రేమ్‌లో అందితే ఇద్దరికీ దెబ్బ తగులుతుంది; ఒకటి ముందు అందితే ఆ పాత్రదే పైచేయి. గేమ్, తెరల జాప్యం ఇద్దరికీ సమానం కాబట్టి లెక్కలో కొట్టివేయబడుతుంది.

ఊహాత్మక ఉదాహరణగా 1000 నొక్కులలో ‘అ’ పరికరం 270 సార్లు, ‘ఆ’ పరికరం 30 సార్లు ముందున్నాయనుకుందాం. నికర తేడా 240; అంటే సగటున 0.24 ఫ్రేమ్, సుమారు 4 మిల్లీసెకన్లు. దీని ప్రామాణిక దోషం సుమారు 0.26 మిల్లీసెకను. 100 నొక్కులతోనే ఆపివేస్తే అది 0.8 మిల్లీసెకనుకు పెరుగుతుంది. అప్పుడు 1 మిల్లీసెకను తేడా గల రెండు పరికరాలను వేరుచేయడం సాధ్యం కాదు. రెండింటి మధ్య తేడా ఒక ఫ్రేమ్‌కు మించనంతవరకే ఈ లెక్క వర్తిస్తుంది. అంతేగాక, ఇది సాపేక్ష కొలత మాత్రమే.

4.3. మైక్రోకంట్రోలర్ పద్ధతి: ఒక మైక్రోకంట్రోలర్ ఆప్టోకప్లర్ ద్వారా బటన్ తీగను మూసి, ఆ క్షణాన్ని నమోదు చేస్తుంది. స్టిక్ పంపిన యూఎస్‌బీ సందేశం అందిన క్షణాన్నీ అదే గడియారంతో నమోదు చేస్తుంది. గేమ్, తెర ప్రమేయం లేకుండా నిరపేక్ష జాప్యం, దాని కనిష్ఠ గరిష్ఠాలు లభిస్తాయి. అయితే బటన్ కిందికి కదిలే కాలం, స్విచ్ అదురు దీనిలో చేరవు.

5. జాగ్రత్తలు

5.1. నొక్కుల మధ్య విరామం యాదృచ్ఛికంగా ఉండాలి. యంత్రం సరిగ్గా 100 మిల్లీసెకన్లకు ఒకసారి నొక్కితే, అది సరిగ్గా 6 ఫ్రేమ్‌లకు సమానం. అప్పుడు ప్రతి నొక్కూ ఫ్రేమ్‌లో ఒకే చోట పడుతుంది. ఎన్ని వేల నొక్కులు చేసినా పరిశీలించింది ఒకే స్థితిని.

5.2. పరీక్ష తగినంత కాలం సాగాలి. కన్వర్టర్‌లో రెండువైపులా 8 మిల్లీసెకన్ల చక్రాలుండి, వాటి గడియారాల మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉంటే, వాటి పరస్పర స్థానం ఒక పూర్తి ఆవృత్తి తిరగడానికి 160 సెకన్లు పడుతుంది. ఒక నిమిషంలో ముగిసే పరీక్షకు అందులో కొంత భాగమే కనబడుతుంది.

5.3. జంట పద్ధతిలో సగం నొక్కుల తరువాత స్థానాలు మార్చాలి. లేకపోతే కన్సోల్ ఒక స్థానాన్ని ముందుగా చదవడం వల్ల వచ్చే తేడాను పరికరానికి ఆపాదించే ప్రమాదం ఉంది.

5.4. ఫలితంతోపాటు కన్సోల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, పోలింగ్ వ్యవధి, నొక్కుల సంఖ్య పేర్కొనాలి. ఫర్మ్‌వేర్ మారితే పాత ఫలితం వర్తించకపోవచ్చు.

6. ముగింపు

‘ఈ స్టిక్ జాప్యం ఇన్ని మిల్లీసెకన్లు’ అన్న ఒంటి సంఖ్య అసంపూర్ణ సమాచారం. సగటు, విస్తృతి, కొలిచిన పద్ధతి మూడూ తెలిస్తేనే రెండు పరికరాలను పోల్చగలం. ఈ సూత్రం ఆటలకే పరిమితం కాదు. యూఎస్‌బీ కీబోర్డులు, బటన్లతో మనుషుల ప్రతిచర్యా కాలాన్ని కొలిచే మనోవిజ్ఞాన ప్రయోగాలలోనూ పోలింగ్ నిరీక్షణ ఇలాగే ఫలితాలలో కలుస్తుంది. వ్యక్తుల మధ్య కొద్ది మిల్లీసెకన్ల భేదాన్ని నిరూపించదలచిన పరిశోధకుడు ముందుగా తన పరికరం జాప్యాన్ని కొలిచి నమోదు చేయడం అవసరం.