అమ్మమ్మ చేతిలో ఒక అగ్గిపెట్టె

హసన్‌పర్తి రోడ్ స్టేషన్ దగ్గర, కాజీపేట వైపు పోయే బొగ్గు గూడ్సును చూస్తూ నిలబడ్డ ఐదేళ్ల పిల్లాణ్ని ఊహించుకోండి. వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికొచ్చాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, మొహంలోకి చూడడు. వ్యాగన్లను మాత్రం ఒక్కటీ వదలకుండా వేలితో లెక్కపెడతాడు. బండి దాటిపోయాక చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. ఇంట్లోవాళ్లు వాడి గడ్డం పట్టి “ఇటు చూడు బిడ్డా” అని తిప్పుతుంటారు. అందులో ప్రేమకు లోటు లేదు. కానీ గడ్డం తిప్పడం కన్నా మనమే వెళ్లి వాడి పక్కన నిలబడటం మేలని నా నమ్మకం.

ఈ దారిలో ముందుగా నడిచినవాళ్లలో మీరా రోథెన్‌బర్గ్ ఒకరు. విల్నాలో యూదు కుటుంబంలో పుట్టి అమెరికా చేరిన మనస్తత్వ చికిత్సకురాలు. ఆటిజం ఉన్న ఇలాంటి పిల్లల్ని ఆసుపత్రుల్లో ఉంచేసి ఇక బాగుపడరని వదిలేస్తున్న కాలంలో, 1958లో, ఆమె తన భర్తతో కలిసి అలాంటి పిల్లల కోసం ‘బ్లూబెర్రీ’ అనే వేసవి శిబిరం మొదలుపెట్టారు. పిల్లలతోనే ఉండటం, తినటం, తిరగటం, వాళ్ల భయాన్ని భయంగానే గుర్తించటం అక్కడి వైద్యం. 1977లో అచ్చయిన తన పుస్తకంలో ఆ పిల్లల కథలు రాశారు.

ఆ తరం వైద్యంలో ఒక పెద్ద తప్పు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యశాస్త్రంలో చోటు కల్పించారు. తర్వాత చాలా ఏళ్లు, తల్లి మనసు చల్లగా ఉండటం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని నిపుణులే నమ్మారు. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో దాన్ని గట్టిగా ఖండించారు. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది, జన్యువుల పాత్ర పెద్దది. ఆ నింద వైద్యశాస్త్రంలో పోయినా మన ఇళ్లలో వేరే రూపంలో మిగిలే ఉంది. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఫోన్ చేతికిచ్చి పనిలో పడిందనో కోడల్ని అనే మాట అదే. అమ్మా, తప్పు నీది కాదు.

ఇక పక్కన నిలబడటం అంటే ఏమిటి? మొదటి రోజు ఏమీ మాట్లాడకుండా తాత కూడా బండిని చూడాలి. రెండో రోజు పిల్లాడి వేలితో పాటు తన వేలూ కదపాలి. నాలుగు రోజులయ్యాక పైకి లెక్కపెడుతూ ఒక అంకె ముందు ఆగాలి. ఆగి, తొందరపెట్టకుండా ఎదురుచూడాలి. తర్వాతి అంకె రాలేదేమని పిల్లాడు ఒక్క క్షణం తాత మొహంలోకి చూడవచ్చు. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూస్తున్నామన్న ఎరుక అక్కడ మొదలవుతుంది. మాట ఆ ఎరుక మీదే మొలుస్తుంది. పది రోజులైనా చూడకపోవచ్చు. అప్పుడు పదకొండో రోజు కూడా వెళ్లాలి.

ఇది ఉత్త ఆశ కాదు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అక్కడ తల్లిదండ్రులకు ఇలాంటి మెలకువలు నేర్పింది పెద్ద నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ దృష్టిని అనుసరించి మెలగటం తల్లిదండ్రుల్లో పెరిగింది, బిడ్డ తనంతట తాను పలకరించటమూ పెరిగింది. హసన్‌పర్తిలాంటి చోట దీనికి ఎంత విలువో చెప్పనక్కర్లేదు.

అయితే అమ్మమ్మ ఊరు అన్నిటికీ మందు కాదు. ఏప్రిల్ చివర బడి మూసినప్పటి నుంచి జూన్ రెండో వారం దాకా పిల్లాడి దినచర్య అంతా తారుమారవుతుంది. కొత్త మంచం, కూలర్ హోరు, పెళ్లి బ్యాండు, బుగ్గలు గిల్లే చుట్టాలు ఒక్కసారిగా మీద పడితే వాడు నేల మీద పడి కేకలు పెడతాడు. అది మొండితనం కాదు, తట్టుకోలేకపోవటం. ప్రయాణానికి వారం ముందు నుంచే ఆ ఇంటి ఫోటోలు చూపిస్తూ రావాలి. ఇంకొకటి, హసన్‌పర్తిలో పెద్ద చెరువు ఉంది. ఈ పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి, చెప్పకుండా నడిచి వెళ్లిపోయే అలవాటూ ఎక్కువ. గేటుకు గడియ పైన ఉండాలి, వాడి మీద ఎప్పుడూ ఒకరి కన్ను ఉండాలి.

“మొగపిల్లలకు మాటలు ఆలస్యంగనే వస్తయి” అని ఏళ్లు గడిపేయటం నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి, పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించండి. బడి వయసు వస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం ఉంది. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థే మన దేశపు ఆటిజం కొలమానాన్ని తయారుచేసింది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజంగా లెక్క. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది కాబట్టి వైకల్య సర్టిఫికెట్ కోసం అడగటం మీ హక్కు. దాన్ని తెచ్చుకోవటానికి సిగ్గుపడకండి. స్పీచ్ థెరపీ దొరికితే వదలకండి. ఇంట్లో చేసేది దానికి తోడుగా నడవాలి.

గూడ్సు బండికి మనకు తెలిసిన టైమంటూ ఉండదు. మే ఎండలో పట్టాల పక్కన ఎంతసేపని నిలబడతారు? అందుకని వరండా నీడలో ఖాళీ అగ్గిపెట్టెలు వరుసగా పేర్చి బండి చేయొచ్చు. పిల్లాడు పేరుస్తాడు, అమ్మమ్మ ఒక్కో పెట్టె అందిస్తుంది. చివరి పెట్టె ఇవ్వకుండా తన కళ్ల ఎత్తుకు పట్టుకుని కాసేపు ఆగుతుంది.