చర్మంపై మరొక చర్మం

మోచేయి మడిచినప్పుడు దాని మీది చర్మం సాగుతుంది. చాచినప్పుడు యథాస్థితికి వస్తుంది. నూరేళ్ళు ఈ పని చేసినా అది పగలదు. ఇంత సామాన్యమైన విద్య మన యంత్రాలకు చిరకాలం అలవడలేదు. సెల్‌ఫోన్ అద్దంపై వేలి స్పర్శను పసిగట్టేది ఇండియం, తగరాల ఆక్సైడుతో వేసిన పారదర్శకమైన పూత. అది పింగాణీ వంటిది. సాగదీస్తే బీటలు వారుతుంది.

2016లో దక్షిణ కొరియాలోని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ చిక్కును మరొక దారిన విప్పారు. లోహాన్ని సాగదీయాలని ప్రయాసపడక, లోహాన్నే విడిచిపెట్టారు. వారు తయారుచేసిన స్పర్శఫలకం లేత తాటిముంజను తలపిస్తుంది. పాలీయాక్రిలమైడ్ అనే పదార్థపు అల్లిక, అల్లిక నిండా నీరు, నీటిలో కరిగిన లిథియం క్లోరైడ్ లవణం. తీగలో ఎలక్ట్రాన్లు చేసే పనిని ఇక్కడ ఉప్పునీటిలోని అయాన్లు చేస్తాయి. ఎంత సాగినా నీరు తెగదు గదా! వైశాల్యం పదిరెట్లకు మించి పెరిగేలా సాగదీసినా ఫలకం పనిచేసింది.

దాని కిటుకు తేలికైనదే. నాలుగు మూలలా సమానమైన కొద్దిపాటి వోల్టేజి ఉంచుతారు. వేలు తాకగానే కొంత విద్యుత్తు ఆ వేలి గుండా శరీరంలోకి జారుతుంది. దగ్గరి మూలనుండి ఎక్కువ, దూరపు మూలనుండి తక్కువ. ఆ నాలుగు పాళ్ళను పోల్చి యంత్రం వేలి చోటు లెక్కకడుతుంది. దీనిని చేతికి అతికించుకొని అక్షరాలు రాశారు, సంగీతం వాయించారు, చదరంగం ఆడారు. లవణానికి తేమను పట్టి ఉంచే గుణమున్నా, ఎండిపోయే బెడద మాత్రం పూర్తిగా తీరలేదు.

తాకడం, తడమడం, నిమరడం, నొక్కడం మన భాషలో వేరువేరు. (అనువాదకులకు ఈ భేదాలతో నిత్యమూ పేచీయే.) సియోల్ ఫలకం చెప్పగలిగింది ‘ఎక్కడ’ అన్నది, ‘ఎంత గట్టిగా’ అన్నది కాదు. కృత్రిమ హస్తం ధరించినవారికి ఈ రెండవ ప్రశ్నే ప్రాణం. గాజు గ్లాసు పట్టుకుంటే దానివంకే చూస్తూండాలి; పట్టు బిగిస్తే పగులుతుంది, సడలితే జారుతుంది.

2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఝెనాన్ బావో బృందం, కంటికి కనబడనంత చిన్న పిరమిడ్లు వరుసలుగా తీర్చిన పల్చని రబ్బరు పొరను రూపొందించింది. పిరమిడ్లు అణగినకొద్దీ విద్యుత్తును నిలువచేసే శక్తి మారుతుంది. పైన ఉంచిన 20 మిల్లీగ్రాముల ఈగ బరువు సైతం దానికి తెలిసింది.

పొరకు తెలిసినది మనిషికి తెలియాలంటే నాడులదాకా చేరాలి. 2004లో బాణసంచా ప్రమాదంలో ఎడమచేయి పోగొట్టుకున్న డెన్మార్క్ వాసి డెన్నిస్ సోరెన్‌సెన్‌కు 2013లో రోమ్‌లో, కృత్రిమ హస్తపు సందేశాలను చేతి నాడులకు అందించి చూశారు. కళ్ళకు గంతలు కట్టినా, పట్టుకున్నది మెత్తనిదో గట్టిదో ఆయన చెప్పగలిగాడు. ఆ చేతి సెన్సార్లు వేళ్ళను ముడిచే తీగల బిగువును కొలిచేవే గాని, చర్మంలా పరచుకున్నవి కావు. పరీక్షలకు విధించిన భద్రతా నియమాల మేరకు నెలరోజులకు ఎలక్ట్రోడ్లు తొలగించారు. సోరెన్‌సెన్ తన పాత కృత్రిమ హస్తానికే తిరిగి వచ్చాడు.